తగరపు సేన

చదరంగపు బల్లపై ఒక్కొక్క పక్షమునకు పదునాఱు పావులు. బంటు, గుఱ్ఱము, ఏనుగు మొదలగు ఆ పావులు పూర్వకాలపు చతురంగబలములకు ఆనవాళ్లు. ఆ ఆట భారతదేశమునుండి పారసీకమునకును, అచ్చటినుండి అరబ్బుల మూలమున ఐరోపాకును చేరినది. ఐరోపాలో కొందఱకు ఆ పదునాఱు పావులు చాలలేదు. 1780లో బ్రన్స్‌విక్ నగరమందలి హెల్విగ్ అను గణితశాస్త్రజ్ఞుడు వేయికి మించిన గళ్లుగల బల్లను కల్పించి, ఆ గళ్లకు వేఱువేఱు రంగులు వేసి, ఇది కొండ, ఇది నది, ఇది పల్లె యని యేర్పఱచెను. 1824లో ప్రష్యా సైన్యమందలి రైస్విట్జ్ అను యువకుడు గళ్లనే తొలగించి, నిజమైన దేశపటముపై ఎఱుపు, నీలము దిమ్మలను నడపు ఆటను తన పై యధికారులకు చూపెను. దెబ్బలు తేల్చుటకు పాచికలు, తగవు తీర్చుటకు మధ్యవర్తి యుండెడివాడు. ఆ యాటను మెచ్చి సైన్యమంతట వ్యాపింపజేసినవాడు మ్యూఫ్లింగ్ అను సేనాని. ఈ పేరు మఱల రానున్నది.

తరువాత దిమ్మలకు మాఱుగా బొమ్మలు వచ్చెను. ఆంగ్ల రచయిత వెల్స్ 1913లో సీసపు సిపాయిలతో ఆడు యుద్ధక్రీడకు నియమములు వ్రాసి ప్రకటించెను. నేడు పెక్కు దేశములలో పెద్దలు, చిన్నలు కూడ ఈ క్రీడను ఆడుచున్నారు. దీనియందు ఆటకన్న సన్నాహమే పెద్దది. ఒక సాయంకాలపు యుద్ధమునకు మాసములతరబడి కుంచెపని యుండును. భటుని యెత్తు ఇరువది యెనిమిది మిల్లీమీటర్లు. కొందఱు పదునైదింటితోను, మఱికొందఱు ఆఱింటితోను సరిపెట్టుకొందురు. అచ్చునుండి వచ్చిన బొమ్మకు అంచులలో మిగిలిన లోహమును ఆకురాయితో రాచి, ముందుగా ఒక పూత పూసి, అది ఆఱిన పిదప చొక్కాకు, తోలుపట్టీకి, ముఖమునకు వరుసగా రంగులు వేయుదురు. రంగు చిక్కగా నున్నచో చెక్కిన కన్నుముక్కులు పూడిపోవును; కావున పలుచని పూతలే రెండు మూడు వేయవలెను. పిమ్మట నీళ్లవంటి ముదురు రంగును పైన పోసినచో అది ముడుతలలో నిలిచి నీడవలె కనబడును. అడుగున చిన్న పలకకు జిగురు పూసి ఇసుక చల్లుదురు. ఆ భటునికి అదియే భూమి.

కుంచె పట్టుటకు ముందు గ్రంథములు తిరుగవేయవలెను. వాటర్లూ యుద్ధమునే తీసికొన్నచో, ఎఱ్ఱచొక్కా వేసినవారెల్ల ఆంగ్లేయులు కారు. హానోవరువారును ఎఱుపే ధరించిరి. ఆంగ్లేయులెల్ల ఎఱ్ఱచొక్కావారును కారు. గుఱిలో ఆరితేరిన తొంబదియైదవ దళమువారిది ముదురాకుపచ్చ. బ్రన్స్‌విక్‌వారిది నలుపు. ఫ్రెంచివారిది నీలము, ప్రషియనులదియు నీలమే. రెండు నీలములకును ఛాయాభేదము కలదు. ఇట్టివానిని గూర్చి పట్టుదలతో వాదించువారిని చూచి నవ్వువారు కలరు. కాని రంగు తప్పినచో మఱల వేయవచ్చును. ఏ భటుని ఏ గడియలో ఏచోట నిలుపవలెనను ప్రశ్నయే కఠినమైనది. ఆ ప్రశ్నకై తన బ్రదుకునే ఒడ్డినవాడు విలియం సైబోర్ను.

సైబోర్ను ఆంగ్లసైన్యమందలి యుద్యోగి. 1815 జూన్ 18వ తేదీన వెల్లింగ్టను ప్రభువు, ప్రష్యా సేనాపతియగు బ్లూషరు కలిసి నెపోలియనును వాటర్లూకడ ఓడించునాటికి అతనికి పదునెనిమిదేండ్లు నిండలేదు. ఆ యుద్ధమున అతడు లేడు. అది ముగిసిన పిదపనే ఫ్రాన్సు చేరెను. భూమిని కొలిచి పటములు వ్రాయుటయందు ఆఱితేరి, ఆ విద్యపై గ్రంథములు రచించెను. అందుచేతనే 1830లో సర్వసేనాధిపతి హిల్ ప్రభువు అతనిని పిలిపించి, వాటర్లూ యుద్ధమును బొమ్మగా కట్టుమని ఆజ్ఞాపించెను.

సైబోర్ను బెల్జియము పోయి, యుద్ధభూమి నడుమనున్న లా హే సాంత్ అను సేద్యపుటింట ఎనిమిది మాసములు నివసించెను. ఆ యింటికొఱకే ఆనాడు ఘోరముగా పోరిరి. పగలెల్ల గట్లను, పల్లములను, బాటలను, చెట్లను కొలిచెను. అయినను ఆ నేల యుద్ధమునాటి నేల కాదు. నెదర్లాండ్సు రాజు తన కుమారుడు గాయపడిన తావున సింహవిగ్రహముతో మహోన్నతమైన మట్టిదిబ్బ కట్టించియుండెను. 1826లో ముగిసిన ఆ పనికి కావలసిన మన్ను వెల్లింగ్టను సేన నిలిచిన గట్టునుండియే త్రవ్వబడినది. జ్ఞాపకచిహ్నము నిలుపబోయి జ్ఞాపకముంచుకొనవలసిన చోటునే చెఱిపివేయుట విడ్డూరము!

నేల కొలతకు లొంగెను. సేనలు లొంగవలెను గదా. సైబోర్ను తన బొమ్మకు ఒక్క గడియను ఎన్నుకొనెను: సాయంకాలము ఏడుగంటలు, నెపోలియను తుది ప్రయత్నముగా తన అంగరక్షక దళమును పంపిన సమయము. బ్రదికియున్న సైనికోద్యోగులకెల్ల లేఖలు వ్రాసెను. ఏడుగంటలకు మీ దళము ఎచ్చట నుండెను? మీ యెదుట శత్రువు ఏ విధముగా బారులు తీర్చి యుండెను? మీ చుట్టునున్న పొలములలో ఏ పైరు ఉండెను? ఇవి అతని ప్రశ్నలు. ప్రత్యుత్తరములు వందలకొలదిగా వచ్చెను. యుద్ధమునకు ఇరువదేండ్ల తరువాత కొందఱు పైరును జ్ఞాపకముంచుకొనిరి, గడియను మఱచిరి. ఒకడు చెప్పినది పక్కదళమువాడు కాదనెను. అతడు ప్రష్యాకును వ్రాసెను. ఆ సేనాకార్యాలయమువారు తమ లెక్కలు పంపిరి.

1833లో క్రొత్త ప్రభుత్వము ధనమీయ నిరాకరించెను. సైబోర్ను పని మానలేదు. తన సొమ్ము పెట్టి, చాలనిది అప్పుచేసి, ముప్పదితొమ్మిది ఖండములుగా పారిసు ప్లాస్టరుతో భూమిని పోతపోయించెను. దానిపై సెంటీమీటరు మాత్రమే యెత్తుగల తగరపు, సీసపు భటులను డెబ్బదివేలకు మించి నిలిపెను. ఇద్దఱు సైనికులకు ఒక్క బొమ్మ. బొమ్మ వైశాల్యము నన్నూఱు చదరపుటడుగులు దాటినది. వ్యయము సుమారు మూడువేల పౌనులు. అతడు ఎనిమిది మాసములు నిదురించిన యింట ఆ బొమ్మలో ఫ్రెంచిభటులున్నారు. ఆ రోజున ఏడుగంటలకు ముందే అది వారి వశమైనది.

చిక్కు మఱియొక దిక్కున వచ్చెను. ప్రషియనులు ఏడుగంటలకు ప్లాన్సెన్వా అను పల్లెకడ నెపోలియను కుడిపార్శ్వమున తలపడియుండిరని సైబోర్నునకు చేరిన సాక్ష్యము. కావున వారిని అచ్చట వేలకొలదిగా నిలిపెను. వెల్లింగ్టను ప్రభువునకు ఇది రుచింపలేదు. చూచువారు విజయము ప్రషియనులదని భ్రమింతురని ఆయన తలంపు. సైబోర్ను ఐర్లండున సేనాకార్యదర్శికి సహాయకుడు. అతనికి లేఖలు వచ్చినది లండనునుండి, వాటర్లూలో కుడిచేయి పోగొట్టుకొన్న ఫిట్జ్‌రాయ్ సోమర్సెట్టు కడనుండి. ఆయనయే సర్వసేనకు కార్యదర్శి. అట్టివాని మాటను త్రోసిపుచ్చుట చిన్న యుద్యోగికి సులభమా?

వెల్లింగ్టను పక్షమున పస లేకపోలేదు. పొగలో నిలిచిన వందమంది వంద గడియలు చెప్పుదురు; వానినెల్ల కలిపి ఒక్క గడియగా చూపినచో అది ఎన్నడును జరుగని గడియ యగును. కాని ప్రషియనులు అంతకు గంటల ముందే ఆ పల్లెకై పోరాడుట నిజము. నెపోలియను తన యువరక్షకదళమును అటు మఱలించుటయు నిజము. ఆనాడు వెల్లింగ్టను ప్రక్కన ప్రష్యా తరఫున నిలిచినవాడు మ్యూఫ్లింగే. పదియేండ్లలోపల దిమ్మల యుద్ధమును మెచ్చిన ఆ సేనానియే.

ఎట్టకేలకు సైబోర్ను ప్రషియను బొమ్మలలో అధికభాగమును తొలగించెను. క్రొత్త సాక్ష్యమునకు తలయొగ్గి తీసెనో, అప్పుల బరువునకు తలయొగ్గి తీసెనో చరిత్రకారులు వాదించుకొనుచునే యున్నారు. ఒక్కొక్కదానిని నిలుపుటకై ఉత్తరములు వ్రాసి, కొలతలు కొలిచి, సొంతసొమ్ము పోసిన చేతులతోనే ఆ నీలిభటులను పెఱికివేయవలసి వచ్చినపుడు అతని మనస్సు ఎట్లుండెనో ఊహింపవలసినదే.

1838లో లండనుయందలి ఈజిప్షియన్ హాలులో బొమ్మ ప్రదర్శింపబడెను. ప్రవేశము ఒక షిల్లింగు. సుమారు లక్షమంది చూచిరి. అయినను అప్పు తీరలేదు. 1844లో అతడు ఆ యుద్ధచరిత్రను రెండు సంపుటములుగా ప్రకటించి, అందు ప్లాన్సెన్వా పోరును విపులముగా వర్ణించెను. అదే కాలమున, ఇంకను పెద్ద కొలతతో, మధ్యాహ్నపు అశ్వికదళపు దాడిని మాత్రమే చూపు రెండవ బొమ్మను కూడ కట్టెను. మొదటి బొమ్మను ప్రభుత్వము కొనవలెనని అతడు కోరుచునే యుండెను. కోరిక తీరకయే 1849లో చెల్సీలో మరణించెను. రెండేండ్లకు, 1851లో, జనులు చందాలు వేసికొనగా ఒక సైనిక సంస్థ దానిని కొనెను.

అతని కుమారుడు ఆ ప్రత్యుత్తరములలో పెక్కింటిని 1891లో అచ్చువేయించెను. మూలప్రతులు బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. మొదటి బొమ్మ నేడు చెల్సీలోనే జాతీయ సేనా మ్యూజియమున నున్నది. అద్దము వెనుక నేటికిని సాయంకాలము ఏడుగంటలే. గట్టుపై ఎఱుపు బారులు తీరియున్నవి. లా హే సాంత్ ప్రహరీలోపల ఫ్రెంచివారున్నారు. ప్లాన్సెన్వావైపు మాత్రము భటులు పలుచబడి యున్నారు.