చదివాడా, పాడాడా?

మా వాడపల్లిలో నాటకాల పిచ్చి ఉన్న పెద్దవాళ్ళు నటుడు పద్యం పాడాడని అనరు, చదివాడంటారు. "ఆ రాత్రి పీసపాటి పడకసీనులో పద్యం చదివాడు చూడూ..." అని మొదలుపెట్టి, ఆ తరువాతి మాట దొరకక చేతులు గాలిలో తిప్పి ఊరుకుంటారు. ఇలా అనేవారిలో చాలామందికి వేలిముద్రే సంతకం. అక్షరం రానివారు చదవడమనే క్రియను ఇంత పట్టుదలగా వాడటంలోనే వారి అభిరుచి యావత్తూ ఇమిడి ఉందని నాకనిపిస్తుంది.

వాడపల్లి అనగానే ఇప్పుడందరికీ ఏడు శనివారాల మొక్కు, ఏడు ప్రదక్షిణలు, గౌతమి ఒడ్డున జనసందోహం గుర్తుకొస్తాయి. (చరిత్ర మీద మక్కువ ఉన్నవారికి 1931 నాటి రథోత్సవమూ, రథం మీద గాంధీగారి పటం ఉంచినందుకు పోలీసులు జరిపిన కాల్పులూ గుర్తుండవచ్చు.) నేను చెప్పబోయే వాడపల్లి మరొకటి. చైత్ర శుద్ధ ఏకాదశి తీర్థం దగ్గర పడుతోందంటే, స్వామివారి కల్యాణం కన్నా ముందు ఈ యేడు నాటకానికి ఎవరొస్తున్నారని వాకబు చేసేవారి వాడపల్లి. రాత్రి పదింటికి తెర లేస్తే కోడి కూసేదాకా సాగేది. కొబ్బరాకుల పందిరి, పెట్రోమాక్సు దీపాలు, కూర్చోడానికి ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టాలు. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వచ్చేవారు. పడకసీనుకొకరు, రాయబారానికొకరు. కృష్ణుడి ముఖం మారిపోయిందని ఎవరూ చింతించిన దాఖలా లేదు. జనం వచ్చింది కృష్ణుణ్ణి చూడటానికి కాదు, పద్యం వినడానికి.

ఈ పద్యం మన రంగస్థలానికి పుట్టుకతో వచ్చింది కాదు. 1880లో కందుకూరివారు రాజమండ్రిలో విద్యార్థులచేత వేయించినది వచన ప్రహసనమే. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు 1886 ప్రాంతంలో 'చిత్రనళీయం'తో పద్యాన్ని రాగయుక్తంగా వేదిక ఎక్కించిన తరువాత ఇక అది దిగలేదు. మా గోదావరి వైపు చిలకమర్తివారి 'గయోపాఖ్యానం', తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలు, గుంటూరు వైపు నుంచి 1912 నాటి బలిజేపల్లివారి 'సత్యహరిశ్చంద్రీయం': ఈ మూడింటితోనే మా పెద్దవాళ్ళ జీవితం గడిచిపోయింది. వ్యాసభారతం చదవనివారికి భారతమంటే తిరుపతి వేంకటకవులే.

వీరు ఏం వింటారన్నది చెప్పాలి. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర, శార్దూలంలో పదమూడో అక్షరం దగ్గర యతి అని నేను బడిలో గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి నేర్చుకున్నాను. మా పెదనాన్నగారికి గణాల పేర్లు తెలియవు. ఆయన తొడ మీద అరచేత్తో మెల్లగా తట్టుకుంటూ వినేవారు. సరిగ్గా యతి స్థానం దగ్గర ఆ చెయ్యి ఒక్క లిప్తపాటు గాలిలో ఆగేది. నటుడు అక్కడ తడబడితే ఆ చెయ్యి మళ్ళీ కిందికి దిగేది కాదు. సీసపద్యమైతే వినికిడి మరోరకం. నాలుగు పెద్ద పాదాలలో రాగాన్ని ఎంత విప్పినా అభ్యంతరం లేదు. ఎత్తుగీతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం రాగం వెనక్కి తగ్గి మాట ముందుకు రావాలి. చెప్పదలచుకున్నదంతా అక్కడే ఉంటుంది కదా. ఇక ఆలాపన. పద్యం ముగిశాక చివరి అక్షరం పట్టుకుని ఎంతసేపు సాగదీసినా సహిస్తారు, వన్స్‌మోర్ కూడా కొడతారు. అంతే కాని 'ధర్మరాజు' అన్న మాటను 'ధర్మ' దగ్గర విరిచి అక్కడో రాగం తీస్తే ఇక ఆ నటుడికి ఈ ఊళ్ళో పుట్టగతులుండవు. "పాడాడు కానీ చదవలేదురా అబ్బాయ్" అంటారు. అదీ తీర్పు.

పండితులకు ఈ నాటకాల మీద చిన్నచూపు ఉండేది. రాయబారం మధ్యలో కృష్ణుడు అయిదు నిమిషాలు మోహన రాగం తీస్తే కథ ఎటుపోతుందని వారి ఆక్షేపణ. అందులో నిజం లేకపోలేదు. పోటీ పడి ఆలాపనలు సాగదీసి నాటకాన్ని పాటకచేరీ చేసినవారు ఉన్నారు. హార్మోనియానికైతే మరీ అవమానం: 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దానికి తలుపులు మూసేసింది. అయినా కథ ఆగిపోయిందన్న ఫిర్యాదు కథ తెలియనివారు చేయవలసినది. మా ఊరి ప్రేక్షకుడికి రాయబారం విఫలమవుతుందని ముందే తెలుసు. ఆ విఫలమయ్యే మాటను ఈ రాత్రి ఈ మనిషి ఎలా అంటాడన్నదే అతని ఉత్కంఠ.

అందుకే కక్షలు కూడా నటుల పేర పుట్టేవి. షణ్ముఖి ఆంజనేయరాజుగారి రాగానికి దాసోహమన్నవారు ఒక అరుగు, పీసపాటి నరసింహమూర్తిగారి మాట విరుపుకు మొక్కేవారు మరో అరుగు. వియ్యాలవారి మధ్య కూడా ఈ తగవు నడిచేది. ఘంటసాలవారి దగ్గర మాత్రం రెండు అరుగులూ ఇరుకున పడ్డాయి. ఆయన సినిమా పద్యంలో ఆలాపన పొదుపు, అర్థం పుష్కలం. పీసపాటి పక్షంవారు దాన్ని తమ విజయంగా లెక్కవేసుకున్నారు. అవతలివారు, రాత్రంతా మేల్కొన్నవాడికి అంత చిన్న పద్యం చాలదన్నారు. నన్నడిగితే, ఆ అరుగు వాదనలోనూ పస ఉంది.

ఆడవారి వినికిడి గురించి ఎవరూ రాయరు. మా మేనత్త పందిట్లో నాటకం చూసింది బహుశా నాలుగైదుసార్లే. తక్కినదంతా గ్రామఫోను ప్లేట్ల వల్లా, 1948లో విజయవాడ రేడియో వచ్చాక దాని వల్లా. ప్లేటుకు ఒకవైపు మూడు నిమిషాలకు మించి పట్టదు కనుక ఆమెకు వచ్చిన చంద్రమతి పద్యాలన్నీ మూడు నిమిషాల పద్యాలే. పిండి విసురుతూ అంత కొలతలోనే చదివేది. మగవాడు ఆడవేషం కట్టి ఏడ్చిన ఏడుపును తన ఏడుపుగా మార్చుకోవడం ఆమె స్వంత విద్య.

కాటిసీను సంగతి వేరే చెప్పాలి. బలిజేపల్లివారి నాటకంలోకి జాషువాగారి శ్మశానవాటిక పద్యాలు నటులవల్ల వచ్చి చేరి, చివరకు అవి లేని కాటిసీనును ఊహించలేని స్థితి వచ్చింది. డి.వి. సుబ్బారావుగారి హరిశ్చంద్రుడి గొంతులో రికార్డుల ద్వారా అవి ఇల్లిల్లూ తిరిగాయి. అంటరానితనాన్ని అనుభవించిన కవి, రాజూ పేదా ఒకే బూడిద అవుతారని రాసిన పద్యాలను, పందిట్లో కూడా ఎవరి చోటు వారిదే అయిన ఊళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుని విన్నాయి. పందిరి చివర, దీపం వెలుగు అందనిచోట కూర్చుని యాభై ఏళ్ళు విన్న పెద్దాయన ఒకరు మా పేటలో ఉన్నారు. అవి జాషువాగారివని అప్పట్లో తెలుసునా తాతా అని అడిగాను. "తెలవకేంటండీ. ఆ సీను వచ్చేదాకా మావోళ్ళు పడుకునేవోళ్ళు. అప్పుడు లేపుకునేవోళ్ళం" అన్నారు.

ఇప్పుడు వినడానికి కొరత లేదు. క్యాసెట్లు పోయినా పద్యాలన్నీ ఫోనులో ఉన్నాయి; మనవలు వెతికి పెడితే అరుగు మీద చెవికి ఆనించుకుని వింటారు. కానీ ఫోనులోని నటుడు వన్స్‌మోర్ వినడు. యతి దగ్గర గాలిలో ఆగిన చెయ్యి అతనికి కనబడదు. పద్యం పోతుందన్న భయం నాకు లేదు. అది అచ్చులో ఉంది, రికార్డులో ఉంది. తప్పు చదివితే పట్టుకునే మనిషి ఎన్నాళ్ళుంటాడన్నదే బెంగ.

ఆ మధ్య పొరుగూరి జాతరలో హరిశ్చంద్ర వేశారు. ఆ తాతను బండి మీద ఎక్కించుకుని వెళ్ళాను. పన్నెండు దాటేసరికి కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఓ ముప్ఫైమంది మిగిలి ఉంటారు. హరిశ్చంద్రుడు కుర్రవాడు, గొంతు బాగుంది. జనం పలుచబడటం చూసి కాబోలు, కాటిసీనులో రెండు పద్యాలయ్యాక నేరుగా తరువాతి మాటలకు వెళ్ళబోయాడు. తాత కూర్చున్నచోటు నుంచే వదిలేసిన పద్యం మొదటి మాట గట్టిగా అందించారు. నటుడు ఆగాడు. హార్మోనియం ఆయన నవ్వి శ్రుతి పట్టారు. ఇక తప్పదన్నట్టు అతను ఆ పద్యం ఎత్తుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఎలా ఉందని అడిగాను. "మూడో పాదంలో ఒక మాట మింగేశాడండి. మళ్ళా ఏడాది వస్తే సరిజేసుకుంటాడు" అన్నారు.