సముద్రంలో గుడి.. ఒడ్డున అమ్మమ్మ

థాయ్‌లాండ్ వెళ్తున్నా అనగానే మా టీమ్‌లో అందరూ అడిగింది ఒకటే. 'ఫుకెట్టా? పట్టాయానా?' రెండూ కాదు, ఓ గుడి చూడ్డానికి అంటే ఒక్కడూ నమ్మలేదు.

నిజం చెప్పాలంటే, నన్ను అక్కడికి లాక్కెళ్లింది ఫోన్‌లో చూసిన ఒక ఫొటో. మధ్యలో గుడి, చుట్టూ సముద్రం, నీళ్లలో వరసగా నిలబడ్డ కరెంటు స్తంభాలు. మా అమ్మమ్మది కాకినాడ దగ్గర ఉప్పాడ. ఆ ఫొటో చూడగానే 'ఇది మా ఊరు కదా' అనిపించింది.

ముందు మేక్లాంగ్ మార్కెట్‌కి వెళ్లా. బ్యాంకాక్ నుంచి వ్యాన్‌లో గంటన్నర ప్రయాణం. మీరు రీల్స్‌లో చూసే ఉంటారు, కూరగాయల మధ్యలోంచి రైలు వెళ్లే మార్కెట్ ఇదే. హారన్ వినిపించగానే అమ్మేవాళ్లు పైనున్న పరదాలు చకచకా వెనక్కి లాగేస్తారు. పట్టాల పక్కన పళ్లాల్లో ఉన్న కూరగాయల్ని మాత్రం కదపరు. రైలు వాటి పైనుంచే మెల్లగా వెళ్లిపోతుంది. చివరి బోగీ దాటిందో లేదో, పరదాలు మళ్లీ పైకి. అందుకే దీన్ని వాళ్ల భాషలో 'గొడుగులు ముడిచే మార్కెట్' అంటారు.

టూరిస్టులంతా రైలును వీడియో తీస్తుంటే నేను చేపల బుట్టల దగ్గర ఆగిపోయా. చిన్న వెదురు బుట్టల్లో రెండేసి మూడేసి ఆవిరి పట్టిన చేపలు. మన కానాగంతలకు దగ్గరి చుట్టాలు. పేరు 'ప్లా తూ'. బుట్టలో పట్టడానికి మెడ వంచేస్తారు. పక్కనే రొయ్యల ముద్ద అమ్ముతున్నారు. ఆ వాసనకి తోటి టూరిస్టులు ముక్కు మూసుకున్నారు. నాకేమో ఎండు రొయ్యలు ఆరబోసిన మా వీధి గుర్తొచ్చింది.

ఇంకో తమాషా. ఈ మార్కెట్ ఉన్న జిల్లా పేరు సముత్ సాంగ్‌ఖ్రామ్. అంటే సముద్రం, సంగ్రామం. నేను చూడాలనుకున్న గుడి ఉన్నది సముత్ ప్రాకాన్‌లో. అది సముద్ర ప్రాకారం! సంస్కృతం ఎక్కడెక్కడికి వెళ్లిందో చూడండి. అయితే పేరులో ప్రాకారం ఉన్నా అక్కడ సముద్రాన్ని ఆపేది ఏదీ లేకపోయింది.

ఆ ఊరి పేరు బాన్ ఖున్ సముత్ చిన్. చావో ఫ్రాయా నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లో ఉంది. నేను మోటారు పడవలో వెళ్లా. అటూ ఇటూ రొయ్యల చెరువులు, మడ చెట్లు. దిగాక నీళ్ల మీద కట్టిన సన్నటి సిమెంటు దారిలో నడవాలి. కింద బురదలో చిన్న చేపలు గెంతుతుంటాయి.

చివర్లో గుడి. ఒకప్పుడు దీని చుట్టూ ఊరుండేదట. గత కొన్ని దశాబ్దాల్లో ఇక్కడ తీరం కిలోమీటరుకు పైనే లోపలికి వచ్చేసింది. జనం ఇళ్లు విప్పుకుని వెనక్కి జరిగారు. గుడి మాత్రం కదల్లేదు. నీళ్లు వస్తున్నాయని లోపల నేల ఎత్తు పెంచుకుంటూ పోయారు. ఇప్పుడు కిటికీలు దాదాపు నేలకు తగులుతుంటాయి. తలుపులోంచి తల వంచుకునే వెళ్లాలి. చెప్పులు విప్పి కూర్చుంటే బయట అలల చప్పుడు.

ఎందుకిలా అయిందంటే కారణం ఒక్కటి కాదు. రొయ్యల చెరువుల కోసం మడ అడవులు కొట్టేశారు. 1964లో పూర్తయిన భూమిబోల్ డ్యామ్ లాంటివి ఎగువన ఒండ్రుమట్టిని ఆపేశాయి. భూగర్భ జలాలు తోడేయడంతో నేల కుంగింది. పైగా సముద్ర మట్టం పెరుగుతోంది. ఇప్పుడు సిమెంటు స్తంభాలు, వెదురు బొంగులు పాతి అలల జోరు తగ్గిస్తున్నారు. వాటి వెనక బురద నిలిస్తే మడ మొక్కలు నాటుతున్నారు.

రాత్రి ఊళ్లోనే హోమ్‌స్టేలో ఉన్నా. అన్నం, రొయ్యలు, ఉడికించిన గుల్లలు. ఇంటావిడతో మాటలన్నీ ట్రాన్స్‌లేట్ యాప్‌లోనే. 'ఇల్లు ఎన్నిసార్లు మార్చారు?' అని అడిగా. మూడు వేళ్లు చూపించింది. 'మరి వెళ్లిపోవచ్చు కదా?' అంటే ఫోన్ తీసుకుని ఏదో టైప్ చేసింది. స్క్రీన్ మీద తెలుగులో వచ్చింది: 'గుడి ఉంది కదా.'

నాకు మాట రాలేదు. ఎందుకంటే అదే ప్రశ్న నేను అమ్మమ్మని నాలుగేళ్లుగా అడుగుతున్నా. ఉప్పాడలో తుఫాను వచ్చిన ప్రతిసారీ బీచ్ రోడ్డు కోసుకుపోతుంది. జియోట్యూబ్ గోడ వేశారు, అదీ దెబ్బతింది. అమ్మమ్మ పాత ఇల్లు సముద్రంలో కలిసిపోయింది. ఇప్పుడుండే ఇంటికీ అలలు ఎంతో దూరంలో లేవు. హైదరాబాద్‌లో నా ఫ్లాట్‌కి రమ్మంటే రాదు. పోయిన దసరాకి గట్టిగా అరిచేశా కూడా. ఆవిడ నాతో వారం మాట్లాడలేదు.

పొద్దున్నే గుడి దగ్గర్నుంచి వీడియో కాల్ చేశా. కెమెరా తిప్పి స్తంభాలు చూపించా. కాసేపు ఏమీ అనలేదు.

"ఆళ్ల గుడి ఇంకా ఉందేట్రా?"

"ఉంది అమ్మమ్మా. నేల ఎత్తు చేసుకున్నారు."

"మంది ఉంచలేదు రా" అంది. నా చిన్నప్పుడు ఒడ్డున నిలబెట్టి, నీళ్లలోకి చెయ్యి చూపించి 'అదిగో, అక్కడుండేది మన గుడి' అన్నది ఈ అమ్మమ్మే. అప్పట్లో కథ చెబుతోంది అనుకున్నా.

ఆవిడ అక్కడే ఉండటం కరెక్టేనా? నాకిప్పటికీ కాదనే అనిపిస్తుంది. తుఫాను రాత్రి ఆవిడ ఒక్కతే ఉంటుందని తలుచుకుంటే భయమే. కానీ సంక్రాంతికి వెళ్లినప్పుడు 'ఎప్పుడొస్తావ్' అని అడగను. ఆ గుడి ఎక్కడుండేదో, పక్కన ఎవరెవరి ఇళ్లుండేవో చెప్పమంటా. ఫోన్‌లో రికార్డు చేసుకుంటా. అవి తెలిసినవాళ్లు మా ఇంట్లో ఆవిడొక్కతే మిగిలింది.