వాగు ఒడ్డున తండ్రి



ఈ వారం ఒక పిల్లల నవల గురించి రాస్తున్నాం, ఏమనుకోకండి. పేరు 'బ్రిడ్జ్ టు టెరబీతియా'. 1977లో వచ్చింది. రాసిన క్యాథరిన్ ప్యాటర్సన్ గారు చైనాలో మిషనరీల ఇంట పుట్టారు. తాను కూడా జపానులో నాలుగేళ్లు సేవ చేశారు. భర్త పాస్టరుగా ఉండేవారు. కొడుకు స్నేహితురాలు, ఎనిమిదేళ్ల పాప, పిడుగుపాటుకు చనిపోయింది. ఆ దుఃఖంలో నుండి వచ్చినదే ఈ కథ.

అమెరికాలో వర్జీనియా పల్లె. జెస్ పేదింటి పిల్లవాడు, లెస్లీ కొత్తగా వచ్చిన పిల్ల. తాడు పట్టుకుని ఊగి వాగు దాటి, అవతల అడవిలో తమకంటూ ఒక రాజ్యం కట్టుకుంటారు. జెస్ ఊళ్లో లేని రోజు లెస్లీ ఒక్కతే వెళ్తుంది. తాడు తెగుతుంది.

లెస్లీ వాళ్లు చర్చికి వెళ్లే మనుషులు కారు. ఈస్టరుకు జెస్ వాళ్లతో ఒక్కసారి వచ్చి, యేసు ప్రభువు కథ ఎంత బాగుందో అని ఆశ్చర్యపోతుంది. నమ్మనివాళ్లు నరకానికేనని జెస్ చెల్లెలు అప్పుడే బెంగపడుతుంది. స్నేహితురాలు పోయాక ఆ మాటే జెస్‌ను తినేస్తుంది. వాగు దగ్గర తండ్రి వాణ్ణి ఒళ్లోకి తీసుకుంటాడు. రోజూ పట్నం వెళ్లి రెక్కలు ముక్కలు చేసుకునే మనిషి, ముద్దు మాటలు రానివాడు. వాడు అడిగితే, చిన్నపిల్లల్ని దేవుడు నరకానికి పంపడురా అని ఒక్క ముక్కలో చెప్తాడు.

అక్కడ పుస్తకం మూసేశాం.

రెండేళ్ల క్రితం మన దగ్గర చెరువులో ఒక బాబు పోయాడు. సమాధి దగ్గర వాడి జతగాడు మా చెయ్యి పట్టుకుని, "అయ్యగారూ, వాడు బాప్తిస్మం తీసుకోలేదు కదా, ఎక్కడికి పోతాడు?" అన్నాడు. "పెద్దయ్యాక తెలుస్తుందిలే నాన్నా" అని పక్కకు తిరిగాం. అవతల పెద్దలు కనిపెట్టుకుని ఉన్నారు, ప్రార్థన ముగించాలి. లాజరు సమాధి దగ్గర ప్రభువు తొందరపడలేదు. ఏడ్చాడు.

మొన్న ఆరాధన అయ్యాక ఆ బాబు ఇంటికి వెళ్లాం. కుర్చీ వేయబోతే వద్దని, వాడి పక్కనే అరుగు మీద కూర్చున్నాం. ఆ రోజు చెప్పాల్సిన జవాబు చెప్పాం, ఆలస్యం చేసినందుకు క్షమించమన్నాం. చాలాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత, "వాడికి ఈత వచ్చు అయ్యగారూ. కాలు బురదలో ఇరుక్కుంది, అంతే" అన్నాడు.