ఫోటో కింద పేరు

మన పెద్దలు ఊళ్లు తిరిగింది పని కోసమే. సరుగుడు తోపులు కొట్టడానికో, రొయ్యల గుంటల కాపలాకో, ఇటుక బట్టీకో పోయేవాళ్లు. చూడడానికని ఒక చోటికి పోవడం మన పిల్లలతోనే మొదలైంది. బడి నుంచి విహారయాత్రకు పోతున్నారు, చేతిలో ఫోన్ ఉంటోంది. అందుకే ఈ నాలుగు మాటలు.

మేము పిల్లలను తీసుకుపోయింది సూళ్లూరుపేట వైపు. 2022లో అది తిరుపతి జిల్లాలో కలిసింది గాని, మా నోట ఇంకా నెల్లూరు తీరమే. అక్కడ ఫోటోలకు కొదవలేదు. పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు. చలికాలంలో దాని నిండా ఫ్లెమింగోలు. నేలపట్టులో నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు. రోడ్డు సరస్సును దాటి శ్రీహరికోటకు పోతుంది.

తిరిగొచ్చాక పిల్లల ఫోన్లు చూశాం. పక్షులున్నాయి, నీళ్లున్నాయి, వాళ్ల మొహాలున్నాయి. సరస్సులో కూర్చుని చేతులతో తడిమి రొయ్యలు పట్టే మనవాళ్లు ఒక్క ఫోటోలోనే ఉన్నారు. అది తీసిన అమ్మాయి జరిగింది చెప్పింది. కారులో వచ్చిన వాళ్లు ఒక అవ్వను బుట్ట పైకెత్తమని, ఇటు తిరగమని చెప్పి, నాలుగు ఫోటోలు తీసుకుని పోయారట. ఈ అమ్మాయి మాత్రం దగ్గరికి పోయి, "నీ పేరేంది అవ్వా?" అని అడిగింది.

"నా పేరుతో నీకేం పనిమే?" అందట అవ్వ. అని, కాసేపాగి చెప్పిందట. పేరు ఆ అమ్మాయి నోటుబుక్కులో ఉంది. పుస్తకంలో వేస్తామని అవ్వను అడగలేదు గనక మేమిక్కడ రాయడం లేదు.

పేరు అడగకుండా మనల్ని ఫోటో తీయడం ఈనాటిది కాదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. చివరి సంపుటిలో యానాదుల గురించి రాశాడు. నిప్పు రాజేస్తున్న యానాదుల ఫోటో కూడా అందులో ఉంది. ఫోటో కింద జాతి పేరుంది, చేస్తున్న పని ఉంది. ఆ మనుషుల పేర్లు లేవు. వాళ్లు ఎవరి తాతలో ఈనాడు ఎవరు చెప్పగలరు?

ఇంకొక సంగతి. రాకెట్ లేచినప్పుడు అందరూ ఆకాశానికి ఫోన్ ఎత్తుతారు. 2019 నుంచి జనం కూర్చుని చూడడానికి శ్రీహరికోటలో గ్యాలరీ కూడా ఉంది. ఆ పొగ గీత కింద ఉన్న నేల మన వాళ్లు అడవి మీద, నీళ్ల మీద బతికిన చోటు. 1971లో అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. కేంద్రం కోసం ఎన్నో కుటుంబాలు చోటు మారాయి. ఇప్పుడు ఆ అడవిలోకి ఇష్టమొచ్చినట్టు పోలేం, ఫోటో తీయలేం. ఆ కాలం నాటి ఫోటోలు మన ఇళ్లల్లో ఎక్కడున్నాయి? మన పెద్దల్లో చాలామంది మొదటిసారి ఫోటో దిగింది రేషన్ కార్డు కోసమే.

ఫోటో లేని చోటును నోటి మాటతోనే పట్టుకోవాలి. గుడిసె ఎక్కడుండేది, మంచినీళ్లు ఎక్కడ తెచ్చేవాళ్లు, ఏ చెట్టు కింద దేవుడు, ఏ దారిన పడవ. పెద్దవాళ్లు చెబుతుంటే పిల్లలు కాగితం మీద గీయాలి. 1971 నాటికి పదేళ్లున్న వాళ్లకే ఇప్పుడు అరవై దాటింది. ఈ పని వచ్చే ఏటికి వాయిదా వేసేది కాదు.

ఫోటోకూ కొన్ని పద్ధతులు కావాలి. మా బడిలో ఇవి పెట్టుకున్నాం. మనిషిని అడిగే తీయాలి. వద్దంటే ఫోన్ దించాలి. తీసింది వాళ్లకు చూపించాలి, కుదిరితే ఒక ప్రింటు తెచ్చివ్వాలి. పక్షుల దగ్గరికి పోకూడదు. తల్లి లేచిపోతే గూట్లో గుడ్లు ఎండకు, కాకులకు దొరుకుతాయి. ఇంటికొచ్చిన రోజే ప్రతి ఫోటోకూ తేదీ, చోటు, మనిషి పేరు నోటుబుక్కులో రాయాలి. చోటు పేరు మ్యాపులో ఉన్నది ఒకటి, మనవాళ్లు పిలిచేది ఒకటి, రెండూ రాయాలి.

టీచర్లు ఈసారి యాత్రకు బయల్దేరేటప్పుడు పిల్లల సంచిలో ఫోన్‌తో పాటు ఒక నోటుబుక్కు, పెన్సిలు పెట్టించండి.