రెండో ఆమె

పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల కోసం ఒక మాయల నవల రాయాలనుకున్నాను. ఇద్దరు అక్కచెల్లెళ్లు, వాళ్ల ఇంటిని తరతరాలుగా పట్టుకున్న శాపం. కథ కోసం దూరం పోనక్కర్లేదు. మేముండేది వేలూరు బాగాయంలో, అమ్మ పుట్టినూరు గుడియాత్తం. పలమనేరు వైపు నుంచి పారివచ్చే కౌండిన్య ఒడ్డున, ఏటా వైకాసి ఒకటిన, అంటే మే మధ్యలో, అక్కడ గంగమ్మ శిరస్సు పండగ. అమ్మవారి తల తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి బయల్దేరుతుంది. దారి పొడుగునా టెంకాయలు పగులుతూనే ఉంటాయి. గోపాలపురం గంగమ్మ గుడిలో ఆ తలను మొండేనికి అతికిస్తారు.

ఆ తల రేణుకదని అక్కడ చెప్పుకుంటారు. అయినా నేను పండగను వదిలి, రేణుక కథ కోసం మహాభారతం అరణ్యపర్వం తెరిచాను. శాపం అక్కడ స్పష్టంగా ఉంది మరి. స్నానానికి పోయిన రేణుక చిత్రరథుడనే రాజును చూసింది, మనసు చలించింది. ఆమెను చంపమని భర్త జమదగ్ని కొడుకుల్ని ఆజ్ఞాపించాడు. నలుగురు కదల్లేదు. తెలివి పోయి పశుపక్ష్యాదుల్లా పడుండమని వాళ్లను శపించాడు. ఐదోవాడు పరశురాముడు గొడ్డలెత్తాడు. తర్వాత అతను కోరిన వరాల్లో తల్లి బతకడం, అన్నలకు తెలివి రావడం ఉన్నాయి. తనను చంపిన సంగతి తల్లికి గుర్తుండకూడదన్నదీ ఉంది.

నా నవలను దాని మీదే కట్టాను. తండ్రిని కాదన్న అక్కకు మాట పడిపోతుంది. తండ్రి మాట విన్న చెల్లెలు వరమడుగుతుంది. అమ్మ లేస్తుంది, ఏదీ గుర్తుండదు, శాపం తీరుతుంది. సుఖాంతమే అనుకున్నాను.

మేనకోడలు చదివి ఒకటే అడిగింది. "పండగలో ఇంకొకామె ఉంది కదత్తా, ఆమె ఏది?"

గుడియాత్తంలో చెప్పుకునే కథలో రేణుక ప్రాణభయంతో ఊరు దూరం పెట్టిన వాడకు పరుగెడుతుంది. అక్కడి ఆడమనిషి ఒకామె అడ్డుపడుతుంది. ఇద్దరి తలలూ తెగుతాయి. బతికించే తొందరలో తలలు మారిపోతాయి. పండగనాడు శిరస్సు అతికేది ఆ రెండో ఆమె ఒంటికే. చిన్నప్పట్నుంచి చూస్తున్న పండగే, కానీ నేను తలనే చూశాను.

భారతంలో లేదు గనక ఆమె నవలలోకి రాలేదని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. అది నిజం కాదు. 'ఇంటి శాపం' అని రాసుకున్న రోజే ఇంటి బయటి మనిషికి తలుపు వేసేశాను. మాలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ తలుపు వేయడం ఎవరూ నేర్పక్కర్లేదు, చెయ్యి దానంతట అదే పోతుంది. రేణుక కోసం ప్రాణమిచ్చిన మనిషిని వదిలేసి, పిల్లలకు తోబుట్టువుల ప్రేమ గురించి చెప్పబోయాను. పైగా మరపును వరమని నమ్మించబోయాను. చంపినవాళ్లకు అది వరమే. చచ్చి లేచిన మనిషికి ఎలా అవుతుంది? గుడియాత్తం మాత్రం ఆ తెగిన తలను ఏటా నడివీధిలో ఊరేగిస్తూనే ఉంది.

మళ్లీ మొదట్నుంచి రాస్తున్నాను. ఇప్పుడు అమ్మకు అన్నీ గుర్తున్నాయి. తల ఆమెది, చేతులు ఇంకొకామెవి. ఆ చేతులు పెంచిన పిల్ల ఒకతె వాడ నుంచి నడిచొచ్చి, "మా అమ్మను పంపండి" అంటుంది. అక్కకు మాట పడిపోలేదు, జవాబు చెప్పాల్సింది ఆమే. ఆ అధ్యాయం ఇంకా కుదరలేదు. మేనకోడలు మాత్రం ఆ పేజీలే ముందు కావాలంటోంది.