పత్తి పండే ఊళ్లో బొంత

ఇంట్లోవాళ్ల కోసం దుప్పటి స్వయంగా చేసిపెట్టాలన్న కోరిక కలిగినవాళ్లు ఇప్పుడు ఊలు ఉండలు తెప్పించుకుని అల్లిక నేర్చుకుంటున్నారు. ఆ శ్రద్ధ మెచ్చుకోదగ్గదే. అయితే పల్నాడులోని క్రోసూరు లాంటి ఊళ్లో పుట్టబోయే మనవరాలికైనా, హాస్టల్‌కి వెళ్లే కొడుక్కైనా ఇవ్వదగ్గది పాత నూలు బట్టల బొంత అని నా వాదన. పల్నాడు ఎండకు పేరుపడ్డ సీమ. వేసవి వస్తే రెంటచింతల పేరు రాష్ట్రమంతా మోగుతుంది. చలి గట్టిగా ఉండేది ధనుర్మాసానికి అటూ ఇటూ, అదీ తెల్లవారుజామున. ఆ కాస్త చలికి ఊలు ఎక్కువ, మిగతా ఏడాదంతా అది బీరువాలో బరువు. బొంతనైతే చలికి కప్పుకుంటాం, ఎండాకాలం డాబా మీద పరుచుకుంటాం. పొరల మధ్య చిక్కిన గాలి వెచ్చదనాన్ని నిలుపుతుంది, నూలు చెమటను పీల్చుకుంటుంది. ఎన్నో ఉతుకులకు గంజి పోయి మెత్తబడ్డ చీర పసిబిడ్డ ఒంటికి ఒరుసుకోదు. పొత్తిళ్లకు పాత బట్టే మేలని పెద్దవాళ్లు అనడంలో ఈ అనుభవమే ఉంది. పైపొర చిరిగితే మరో చీర వేసి మళ్లీ కుట్టుకోవచ్చు. అల్లిన దుప్పటిలో ఒక్క పోగు తెగితే చుట్టుపక్కల అల్లికంతా వదులవుతుంది.

క్రోసూరు చుట్టూ పండే పత్తి జిన్నింగ్ మిల్లులో గింజ వదిలించుకుని, బేళ్లుగా మారి ఊరు దాటిపోతుంది. చలికాలం రాగానే మన మంచాల మీదికొచ్చేది పానిపట్ పాలియెస్టర్ రగ్గు. మామూలు వాతావరణంలో నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమ పట్టగలదు, పాలియెస్టర్ పట్టేది అర శాతం లోపే. ఆ రగ్గు కింద నడిరాత్రి ఉక్కపోసేది ఇందుకే. చీరలు కూడా సింథటిక్ అయిపోయాయి, బొంతకు నూలెక్కడిదని అడగవచ్చు. నిజమే, నేత చీరలు తగ్గాయి. కానీ లుంగీలు, తువ్వాళ్లు, లోపలి లంగాలు, పాత దుప్పట్లు చాలా ఇళ్లలో ఇంకా నూలువే. అవి లోపలి పొరలకు చాలు.

బొంత పేదరికానికి గుర్తు కదా అన్నది ఇంకా బరువైన అభ్యంతరం. కొనుక్కోలేక అతుకులు కప్పుకున్నవాళ్లు ఆ మాట అంటే కొట్టిపారేయకూడదు. కాకపోతే వాళ్లను బాధించింది బట్ట కరువు. కుట్టులో నామోషీ ఏమీ లేదు. అమెరికాలో అలబామా రాష్ట్రం గీస్ బెండ్‌లో నల్లజాతి స్త్రీలు చలి కాచుకోవడానికి అరిగిన పని బట్టలతో కుట్టిన బొంతలను 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలకు వేలాడదీశారు. గోడకెక్కితేనే గౌరవమని నేననను. పేదరికంలోనూ రంగూ పొందికా ఎంచుకున్న బుద్ధి ఆ చేతులదని మాత్రం అక్కడ అందరూ ఒప్పుకోవలసి వచ్చింది.

ఇదంతా ఆడవాళ్ల మీద మరో జీతం లేని చాకిరీ కాదా? ఈ ప్రశ్నను ప్రేమ పేరు చెప్పి దాటేయలేం. నరసాపురం లేసు అల్లే స్త్రీల గురించి పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకం చూపింది ఇదే: ఇంట్లో కూర్చుని చేసే పనిని గృహిణుల తీరిక వ్యాపకంగా లెక్కకట్టినందువల్లే, విదేశాలకు వెళ్లే సరుకుకు కూడా వాళ్లకు అతి తక్కువ కూలి దక్కింది. ఇంటి బొంతకు కూలి లెక్క ఉండదు, కనుక పనినైనా పంచుకోవాలి. మగవాళ్లకు కుట్టు రాదనే సాకు పల్నాడులో చెల్లదు. మిర్చి టిక్కీ (బస్తా) మూతిని దబ్బనంతో, పురికొసతో బిగించి కుట్టే చేతులు ఇక్కడ ఊరి నిండా ఉన్నాయి. బొంతకు అంతకన్నా సన్నని సూది, నూలు దారం కావాలి. ముందు నాలుగంచులూ టాకాలు వేసుకుని, పొరలు ముడుచుకోకుండా వేలెడు దూరంలో వరసలు కుట్టుకుంటూ పోవాలి. మిర్చి కోతలు ముగిసి పొలం పని పలచబడ్డ మధ్యాహ్నాల్లో ఆలుమగలిద్దరూ చెరో అంచున కూర్చుంటే కార్తీకం నాటికి బొంత పూర్తవుతుంది.