మామ్మ ముఖానికి ఏ కాగితం?

ఫోన్‌లో ఫొటో చూస్తున్నంతసేపూ మనకి కాగితం అనేదే గుర్తుకు రాదు. స్క్రీన్ వెనక లైటు వెలుగుతూ ఉంటుంది కాబట్టి నీడలో ఉన్న ముఖం కూడా తేటగా కనిపిస్తుంది. కనిపించకపోతే వేలితో బ్రైట్‌నెస్ పెంచుకుంటాం. గోడకి తగిలించిన ప్రింట్‌కి ఆ సౌకర్యం లేదు. గదిలో ఉన్న వెలుతురే దానికి దిక్కు. పైగా మనం ఫొటోలు వేయించే ఇంక్‌జెట్ ప్రింటర్లలో తెల్ల ఇంకు ఉండదు. ఫొటోలో ఎక్కడ అచ్చమైన తెలుపు కనిపించినా అది కాగితం రంగే. అంటే మన ఫొటోలో తెలుపు ఎలా ఉండాలో కాగితం కొన్నప్పుడే తేలిపోతుందన్నమాట.

నాకిది పొందూరు ఫొటోల దగ్గర బాగా తెలిసొచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ ఊరు సన్న ఖాదీకి పేరు. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు, తర్వాత ఏకి, రాట్నం మీద వడుకుతారు. వడికేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. రెండేళ్లపాటు వెళ్లొస్తూ తీసిన ఫొటోల్లోంచి పన్నెండు ఏరి, విశాఖపట్నంలో ఒక చిన్న గ్యాలరీలో పెడదామనుకున్నాను. వాటిలో నాకు ముఖ్యమైంది ఒక మామ్మ ఫొటో. డెబ్బై దాటిన నల్లటి మనిషి, మీగడ రంగు ఖాదీ చీర. పక్క కిటికీలోంచి వచ్చే వెలుతురు తప్ప ఇంకో లైటు లేదు. ముఖం సగం నీడలో ఉంది. ఆ నీడలోనే ఉన్నాయి ముడతలూ, ముక్కుపుడకా, పోగు మీద నిలిచిన చూపూ.

ఇలాంటి ఫొటో ప్రింట్‌కిస్తే ఏమవుతుందో మీకూ తెలుసు. పాస్‌పోర్ట్ ఫొటో నుంచి పెళ్లి ఆల్బమ్ దాకా అదే అలవాటు, ఎంత నల్లవాళ్లయినా బయటికొచ్చేసరికి చామనఛాయ అయిపోతారు. నేను టెస్ట్ ప్రింట్లు వేయించిన చోట కూడా కంప్యూటర్ ముందున్న కుర్రాడు అడక్కుండానే ముఖం మీద బ్రైట్‌నెస్ పెంచబోయాడు. "వద్దు తమ్ముడూ, ఆవిడ రంగే అది" అన్నాను. ఆపేశాడు. కానీ కుర్రాణ్ని ఆపినంత తేలిగ్గా కాగితాన్ని ఆపలేం. అదీ తన రంగు తాను వేస్తుంది.

అందుకే ముఖం, చీర కొంగు, రాట్నం మీది పోగు ఉన్న భాగాన్ని మాత్రం అరచేతంత ముక్కగా తీసుకుని, నాలుగు రకాల కాగితాల మీద వేయించాను. ప్రతి దానికీ ఆ కాగితం తాలూకు ప్రొఫైల్ వాడమన్నాను. ఐసీసీ ప్రొఫైల్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఫలానా కాగితం మీద ఫలానా ప్రింటర్ ఎంత ఇంకు వేస్తే ఏ రంగు వస్తుందో చెప్పే ఫైలు. అది పెట్టకుండా కాగితాల్ని పోల్చి చూడటం దండగ.

మొదటిది మామూలుగా ల్యాబుల్లో దొరికే ఆర్‌సీ పేపర్. కాగితానికి రెండువైపులా ప్లాస్టిక్ పూత ఉంటుంది. చవక. త్వరగా ఆరుతుంది, తడికి ఓర్చుకుంటుంది, నలుపు కూడా గట్టిగా వస్తుంది. రెండోది బాగా తెల్లగా ఉండే మ్యాట్ పేపర్. ఈ రెండింటి మీదా మామ్మ చీర సర్ఫ్‌లో ఉతికినట్టు నీలం కొట్టే తెలుపైంది. చెంప మీద వెలుగు పడిన చోట ఏదో బూడిద రాసినట్టుంది.

దానికి కారణం కాగితంలో కలిపే ఆప్టికల్ బ్రైటెనర్లు. ఇవి కంటికి కనపడని అల్ట్రావయొలెట్ కాంతిని పీల్చుకుని నీలి వెలుగుగా వదులుతాయి. బట్టల సబ్బుపొడుల్లోనూ ఇవే ఉంటాయి. పెళ్లి బరాత్‌లో డీజే లైట్ల కింద తెల్లచొక్కాలు నీలంగా మెరిసేది అందుకే. కాగితంలో ఉన్నాయో లేవో తెలుసుకోవాలంటే కిరాణా కొట్లో దొంగనోట్లు పట్టే యూవీ లైటు చాలు. దానికింద అసలు నోటు కాగితం మందంగానే ఉంటుంది. బ్రైటెనర్లున్న కాగితం పళ్లికిలించినట్టు వెలుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ వాటి శక్తి తగ్గిపోయి, కాగితం తన అసలు పసుపురంగుకి దిగుతుంది. అందరికీ ఇవి చెడ్డవని కాదు. మంచుకొండల ఫొటోకి, సముద్రం ఫొటోకి ఆ చల్లటి తెలుపు బాగుంటుంది. మీగడ రంగు ఖాదీకి మాత్రం అది అబద్ధం.

మిగతా రెండూ బ్రైటెనర్లు లేని నూలు కాగితాలు. యూరప్‌లో ఈ కాగితాలది పాత వ్యాపారం. ఫ్రాన్స్‌కి చెందిన కాన్సన్ మూలాలు 1557లో ఉన్నాయి. 1783లో వేడిగాలి బెలూన్ ఎగరేసిన మాంట్‌గోల్ఫియర్ సోదరులు ఆ కాగితాల కుటుంబం వాళ్లే. జర్మనీ మిల్లు హానెముహ్లె 1584 నాటిది. ఆఫీసు జిరాక్స్ కాగితం చదరపు మీటరుకి 70, 80 గ్రాములుంటే ఇవి 300 దాటతాయి. బరువున్నంత మాత్రాన గొప్పదని కాదు గానీ, పెద్ద ప్రింట్ అలలు తేలకుండా నిలబడుతుంది. నేను వేయించినవి కాన్సన్‌లో రెండు. ఒకటి రాగ్ ఫొటోగ్రాఫిక్, అది మ్యాట్. రెండోది ప్లాటీన్ ఫైబర్ రాగ్, సన్నటి మెరుపున్నది. డార్క్‌రూమ్ రోజుల్లో బేరియం సల్ఫేట్ పూత వేసిన బరైటా పేపర్ ఉండేది కదా, ఆ అందాన్ని ఇంక్‌జెట్‌కి తెచ్చిన కోవలోది.

చూసినవాళ్లందరూ మ్యాట్‌కే ఓటేశారు. "నూలు వడికే ఫొటోలు నూలు కాగితం మీద! ఎంత బాగా కుదిరిందో" అన్నారు. మాట బాగానే ఉంది, కాకపోతే మెరుపున్నదీ నూలు కాగితమే. అసలు తేడా నలుపులో ఉంది. మ్యాట్ గరుకు మీద పడిన వెలుతురు అన్నివైపులా చెదురుతుంది, అందులో కొంత మన కంట్లోకే వస్తుంది. అందుకే కారునలుపు కాస్తా ముదురు బూడిదలా అనిపిస్తుంది. పగటి వెలుగులో తీసిన ఫొటోకి ఆ మెత్తదనం చాలా బాగుంటుంది. మామ్మ ముఖంలో సగం నీడే కదా. మ్యాట్ మీద నీడంతా ఒక్క మరకైపోయి ముడతలు, ముక్కుపుడక అందులో కలిసిపోయాయి. నలుపులో ఎన్ని నలుపులున్నాయో మెరుపు కాగితం ఒక్కటే విడివిడిగా చూపించింది.

దానికీ ఒక చిక్కుంది. ఎదురుగా కిటికీ ఉంటే ప్రింట్‌లో ముఖానికి బదులు కిటికీ కనిపిస్తుంది. అందుకే నాలుగు ముక్కలూ పట్టుకెళ్లి గ్యాలరీ గోడకే అంటించి, ఆ లైట్ల కిందే, రెండు మీటర్ల దూరంలో నిలబడి చూశాను. కాగితాన్ని షాపులో, ల్యాబులో నిర్ణయించకూడదు. అది ఎక్కడ వేలాడుతుందో అక్కడే నిర్ణయించాలి. అక్కడ లైట్లు పైనుంచి ఏటవాలుగా పడుతున్నాయి, తలుపు పక్కకుంది, మెరుపు పెద్దగా అడ్డు రాలేదు.

ఇంకో పరీక్ష మిగిలింది. ఆ ముక్కలు పొందూరు తీసుకెళ్లి మామ్మ చేతిలో పెట్టాను. ఆర్‌సీ చూసి, "ఇదేటి బాబూ, నాకు సున్నం కొట్టీసినారు?" అని నవ్వింది. మ్యాట్‌ని అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టేసింది. నాలుగోదాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ముఖం గురించి ఒక్క మాటా అనలేదు. "పోగు అగుపడతంది" అంది.

పన్నెండూ దానిమీదే వేయించాను. ల్యాబు మామూలు ప్రింట్ కంటే ఖర్చు కొన్ని రెట్లయింది, సైజు తగ్గించుకుని సర్దుకున్నాను. మీరూ వేయించేట్టయితే కంపెనీలు అమ్మే శాంపిల్ ప్యాక్‌తో మొదలుపెట్టండి. పిగ్మెంట్ ఇంకులే వాడమనండి. పూత సున్నితం, గోరు తగిలినా గీత పడుతుంది, కాబట్టి చేతులకి నూలు గ్లవ్స్ ఉండాలి. ప్రింట్ వచ్చాక కనీసం ఒక రోజు ఆరనివ్వండి, లేకపోతే ఇంకులోంచి వచ్చే ఆవిరి ఫ్రేమ్ అద్దానికి లోపల పొగలా పడుతుంది. మధ్యలో మౌంట్ బోర్డు పెట్టి అద్దాన్ని ప్రింట్‌కి తగలనివ్వకండి. విశాఖ లాంటి చెమట ఊళ్లలో ఇది మరీ ముఖ్యం.

ఇదంతా చాదస్తం అనిపిస్తే ఒక్కసారి రాజా దీన్‌దయాళ్ పాత ప్రింట్లు చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్ ఆయన. అప్పట్లో కోడిగుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితం మీద ప్రింట్లు వేసేవాళ్లు. తెల్లగా ఉండాల్సిన చోట్లు ఇప్పుడు పసుపెక్కి కనిపిస్తాయి. వందేళ్లు దాటాక ఆ మనుషులు మనకి ఏ రంగులో మిగలాలో కాగితమే తేల్చింది.

మామ్మకి ఇంట్లో పెట్టుకోవడానికి ఒక కాపీ ఇచ్చాను. అది మాత్రం ఆర్‌సీ మీదే. ఆ ఇంట్లో పొయ్యి పొగ ఉంటుంది, వానాకాలం గోడ చెమ్మగిల్లుతుంది, మనవలు రోజూ వేలు పెట్టి చూపిస్తారు. నూలు కాగితం అక్కడ ఒక్క ఏడాది ఆగదు. రంగుల్ని కొంచెం వెచ్చగా మార్చి, నలుపు ముట్టుకోకుండా, లామినేషన్ చేయించాను. సున్నం కొట్టినట్టుందని ఈసారి అనలేదు. టీవీ పక్కన మేకు ఎక్కడ కొట్టాలో మనవడికి చూపించింది.